అద్దె ఆటగాళ్ళు, సొంత నీడ

మన పండుగ బడ్జెట్ మీటింగులో ఏటా ఒకటే వాదన. ఇండియా నుంచి పేరున్న స్టార్‌ని తెప్పిస్తేనే హాలు నిండుతుందని కొందరు, ఆ డబ్బు మన పిల్లల మీద పెడదామని మరికొందరు. ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. నూట ఇరవై ఏళ్ళ క్రితం మిషిగన్ ఉత్తరాన హోటన్ అనే చిన్న ఊరు ఇలాంటి దారిలోనే నడిచింది. ఆ ఊరి ఐస్ హాకీ జట్టు కథ మనం తెలుసుకోదగ్గది.

హోటన్ రాగి గనుల సీమ. కెనడా నుంచి జాన్ గిబ్సన్ అనే పళ్ళ డాక్టరు అక్కడికొచ్చి ప్రాక్టీసు పెట్టాడు. మనలో చాలామందిలాగే సరిహద్దు దాటినవాడు. హాకీ అంటే ప్రాణం. ఆ రోజుల్లో కెనడాలో ఆటకు డబ్బు పుచ్చుకోవడం మహాపరాధం. ఒక గెలుపుకు తలా పది డాలర్ల బంగారు నాణెం తీసుకున్నందుకు గిబ్సన్ ఆడిన జట్టునే బహిష్కరించారు. హోటన్‌లో ఆ పట్టింపు లేదు. గనుల డబ్బుంది, చూసే జనముంది. 1902లో యాంఫిడ్రోమ్ అనే ఆటశాల లేచింది. జట్టు పేరు పోర్టేజ్ లేక్స్.

కెనడా నుంచి హాడ్ స్టూవర్ట్, రైలీ హెర్న్, ఆ తరువాత సైక్లోన్ టేలర్ లాంటి మేటి ఆటగాళ్ళను జీతాలిచ్చి రప్పించారు. 1903-04లో ఆడిన 26 ఆటల్లో 24 గెలిచారు. 1904లో అయిదు జట్లతో లీగ్ పెట్టారు. ఆటగాళ్ళకు బాహాటంగా జీతాలిచ్చిన మొట్టమొదటి హాకీ లీగ్ అదే. 1906లోనూ, 1907లోనూ కప్పు హోటన్‌దే.

అంతే, 1907తో లీగ్ మూతపడింది. ఆ ఏడు ఆర్థిక సంక్షోభం వచ్చింది, రాగి ధర పడిపోయింది. ఈలోగా కెనడా జట్లు కూడా జీతాలివ్వడం మొదలెట్టాయి. డబ్బు కోసం వచ్చినవాళ్ళు డబ్బు ఉన్నచోటికి వెళ్ళిపోయారు. అది వాళ్ళ తప్పు కాదు. పెళ్ళి అయ్యాక మేళగాళ్ళు ఉండిపోతారా?

మరి హోటన్‌కు మిగిలిందేమిటి? ఆటశాల. 1927లో అది కాలిపోతే ఊరివాళ్ళు అక్కడే మళ్ళీ కట్టుకున్నారు. స్థానిక వ్యాపారి జేమ్స్ డీ పేరు తరువాత దానికి పెట్టారు. మన తెలుగు విద్యార్థులెందరికో తెలిసిన మిషిగన్ టెక్ జట్టు 1962, 1965లలో జాతీయ కాలేజీ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు దాని సొంత మైదానం అదే. ఆ జట్టులోనూ కెనడా కుర్రాళ్ళు చాలామందే. కాకపోతే వాళ్ళు ఆ ఊళ్ళో ఉండి చదువుకున్నారు, ఆడి వెళ్ళిపోలేదు.

స్టార్లు దండగ అని నేననను. గిబ్సన్ తెచ్చిన ఆటగాళ్ళు లేకపోతే ఆ ఊరికి అంత పేరూ రాదు, ఆ హాలు నిండేదీ కాదు. కాని అతిథిని పిలిచే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆయన విమానం ఎక్కాక మనకేం మిగులుతుంది? ఫోటోలేనా?

అందుకని నాదొక సూచన. గాయకుడొస్తే స్టేజి మీద రెండు గంటలతో సరిపెట్టకుండా, మర్నాడు పొద్దున మన పిల్లలకు పాట నేర్పాలని ముందే ఒప్పందంలో రాసుకుందాం. స్టార్ ఖర్చులో మూడో వంతుకు సమానమైన సొమ్ము ఏటా ఒక శాశ్వత నిధిలో వేద్దాం. తెలుగు బడికి సొంత గది, నాలుగు బీరువాల పుస్తకాలు, ఒక హార్మోనియం, ఒక మృదంగం ఆ నిధితో సమకూర్చుకోవచ్చు. మనం బాగా సంపాదిస్తున్న రోజులివి. రాగి ధర ఎప్పుడు పడుతుందో హోటన్ వాళ్ళకూ ముందు తెలియలేదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మాట ఓటుకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్ళు కూడా తప్పకుండా రండి. వాదించుకుందాం, తరువాత కలిసి భోంచేద్దాం.