చాటింపు వేరు, వంచన వేరు

అమ్ముకొనువాడు అరచుటలో తప్పులేదు. గంప నెత్తిన పెట్టుకొని వీధివెంట కేకవేయు ముసలమ్మ మొదలు తప్పెట మ్రోగించి ఊరికి కబురు చాటు తలారి వరకు, ప్రకటన యను విద్య మనకు పాతదే. కాని నేడది క్రొత్త రూపమును దాల్చినది. చెప్పదలచినది చెప్పిన చాలదట, విన్నవాడు ఉలికిపడవలెనట! త్రోవను పోవువాడు తలత్రిప్పి చూడవలెను, నోరు తెరచి నిలువవలెను, ఇంటికి పోయి నలుగురితో చెప్పవలెను. 1984లో జే కాన్‌రాడ్ లెవిన్సన్ అను అమెరికా రచయిత గ్రంథము వెలువడిన పిదప దీనికి గెరిల్లా మార్కెటింగు అను పేరు స్థిరపడినది. సొమ్ము తక్కువ, సందడి ఎక్కువ. ఇదియే దీని సూత్రము.

ఈ విద్య మంచిదా, చెడ్డదా యని అడుగువారికి మా సమాధానము సూటియైనది. జనులను ఆశ్చర్యపరచుట దోషము కాదు. ఆశ్చర్యము మాటున అసత్యమును దాచుట దోషము. ఈ రెంటికిని గల భేదమును గుర్తింపనిచో మోసపోవునది మనమే.

ఆశ్చర్యపరచుట కోనసీమవారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. కనుమనాడు మొసలపల్లి శివారున జగ్గన్నతోటకు పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలపై తరలివత్తురు. పచ్చని వరిచేల నడుమ, కౌశిక నీటిలో, అంతెత్తు ప్రభలను భుజములపై మోయుచు జనులు సాగు దృశ్యమును చూచి విస్మయము నొందనివాడు లేడు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముగా ఊరేగినది ఈ ప్రభల తీర్థమే. ఇందు దాపరికమేమున్నది? ఏ ప్రభ ఏ యూరిదో ఎల్లరకును తెలియును. మోయువారి భుజములు కనబడుచునే యున్నవి. ప్రకటనకును ఇదియే ధర్మము కావలెను. దానిని మోయుచున్న భుజము లెవరివో చూచువానికి తెలియవలెను.

వ్యాపారమున ఇట్టి ధర్మము సాధ్యమా యని సందేహించువారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని స్మరింతురుగాక. 1893లో ఆయన బొంబాయిలో అమృతాంజనమును స్థాపించినప్పుడు ఆ పసుపుపచ్చని లేపనమును ఎరిగినవారు లేరు. ఆయన యేమి చేసెను? సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించెను. పాట వినవచ్చినవానికి చేతిలో మందు పడినది! ఆ కాలమున ఇంతకంటె వింతయైన ప్రకటన యేమి కలదు? కాని అందు అసత్యమునకు తావు లేదు. మందు తలకు పూసికొన్నవాడే దాని గుణమునకు న్యాయాధిపతి. నొప్పి తగ్గినచో కొనును, తగ్గనిచో పారవేయును. అట్లు వచ్చిన ధనముతోనే పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా నడపిరి. నిజము చెప్పి అమ్మిన సరకు ఒక జాతి గొంతునకు బలమైనది.

దీనికి ప్రతిపక్షమున నిలుచు ఉదాహరణము న్యూయార్కు నగరమున కలదు. 1929 ఈస్టరు పండుగనాడు కొందరు యువతులు ఊరేగింపులో సిగరెట్లు వెలిగించి, ఇవి స్వాతంత్ర్య జ్యోతులని చాటిరి. పత్రికలు దానిని వార్తగా ప్రకటించినవి. తెర వెనుక నున్నవాడు ఎడ్వర్డ్ బెర్నేస్ అను ప్రచారకుడు. అతనికి సొమ్మిచ్చినది అమెరికన్ టొబాకో కంపెనీ. స్త్రీ స్వాతంత్ర్యమను పవిత్రమైన మాటను పొగాకు కట్టకు పైకాగితముగా చుట్టిరి!

మరుసటి యేడు మన దేశమున మరియొక ఊరేగింపు సాగినది. 1930 మార్చి 2న గాంధీమహాత్ముడు తాను చేయబోవు పనిని రాజప్రతినిధికి లేఖద్వారా ముందే తెలిపెను. ఏప్రిల్ 6న దండి తీరమున గుప్పెడు ఉప్పు ఎత్తెను. ముందే చెప్పిన పనియైనను ప్రపంచము విస్మయమొందినది. ఆశ్చర్యమునకు రహస్యము అవసరమనువారికి ఇంతకంటె వేరు జవాబు అక్కరలేదు.

నేటి ప్రచారకులు దండి మార్గమును విడిచి న్యూయార్కు మార్గమును పట్టుచున్నారు. 2024 ఫిబ్రవరి 2న ఒక సినిమా నటి గర్భాశయముఖ క్యాన్సరుతో మరణించినదని ప్రకటన వెలువడినది. జనులు విలపించిరి. మరునాడు ఆమె సజీవముగా ప్రత్యక్షమై, ఇదియంతయు ఆ వ్యాధినిగూర్చి ప్రజలను మేల్కొల్పుటకే యని చెప్పినది. ఉద్దేశము మంచిదైనప్పుడు అబద్ధమాడిన నేమి అని వాదించువారు కలరు. వారిని మేమొక్కటి అడుగుచున్నాము. గోదావరి పొంగుచున్నదని లంకలలో చాటింపు వేసినపుడు జనులు పిల్లలను, పశువులను తీసికొని గట్టెక్కుట దేనివలన? ఆ చాటింపుపై గల నమ్మకమువలన. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమకు చేసిన గాయమును ఎరిగినవారు, హెచ్చరిక యను మాట విలువను ఎరుగుదురు. చాటింపు ఒకసారి వేళాకోళమైనచో, నిజముగా నీరు వచ్చిననాడు విను వాడుండడు. నమ్మకము ఉమ్మడి చెరువువంటిది. ఒకడు తన లాభమునకు దానిని కలుషితము చేసిన ఊరంతయు దప్పికతో అలమటించును.

ఇక మన గడపలోనికి వత్తము. అమలాపురము గడియారస్తంభము కడను, రాజోలు, కొత్తపేట కూడళ్లలోను వ్రేలాడు ఫ్లెక్సీలను, గోడల కంటించు కాగితములను చూడుడు. ఒక విద్యాలయము ర్యాంకుల వర్షము కురిపించును. ఆ విద్యార్థులు అచట ఎన్నినాళ్లు ఏమి చదివిరో చెప్పదు. ఒక కరపత్రము గల్ఫు దేశములలో కొలువులు సిద్ధమనును. పంపువాని లైసెన్సు సంఖ్య చెప్పదు. మొదటిదానిని నమ్మి తండ్రి కొబ్బరితోట తాకట్టు పెట్టును. రెండవదానిని నమ్మి తల్లి బిడ్డలను విడిచి సముద్రము దాటును. ఇవి నవ్వి పోవలసిన చమత్కారములా?

శాసనములు లేకపోలేదు. రిజిస్ట్రేషను లేనిదే విదేశోద్యోగములకు మనుష్యులను చేర్పరాదని 1983 నాటి వలస చట్టమే శాసించినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా నిర్ణయించినది. 2024 నవంబరులో కేంద్రాధికార సంస్థ శిక్షణాలయముల ప్రకటనలకు ప్రత్యేక నియమములను విధించి, విజేతయైన విద్యార్థి ఏ కోర్సు చదివెనో, ఎంతకాలము చదివెనో తెలుపవలెనన్నది. కాని అడుగువాడు లేనిచోట శాసనము గోడమీది బొమ్మ.

పెద్ద కంపెనీల ధాటికి చిన్న వర్తకుడు వింతలు చేయక బ్రతుకుటెట్లు అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. వింత చేయవలసినదే, ఆ వింత వస్తువులోనే యుండవలెను. ఆత్రేయపురము పూతరేకును చూడుడు. బోర్లించిన వేడికుండపై బియ్యపుపిండి జావలో ముంచిన గుడ్డను పరచి లాగగానే పొరవంటి రేకు విడివచ్చును. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కుండను నగరముల సంతలలో నలుగురి కన్నులయెదుట బోర్లించుటకంటె గొప్ప ప్రకటన యేది? బండారులంక మగ్గమును, అంబాజీపేట కొబ్బరిని అట్లే జనుల ముందుంచుడు. పరుల పేరున మన సరకు పోవుచుండగా మనము మౌనము వహించుటయు ఒక విధమగు అపరాధమే.

కావున మా కోరిక మూడు మాటలలో నున్నది. ప్రతి ప్రకటనపైన సొమ్మిచ్చినవాని పేరుండవలెను. చెప్పిన గుణమునకు రుజువు చూపవలెను. ప్రకటనను వార్తయని అచ్చువేయరాదు. ఈ నియమము పత్రికలకును వర్తించును. పఠనమందిరములలో కూర్చుండు విద్యావంతులు ఈ భారమును వహింపవలెను. చదువురానివానికి కరపత్రమును చదివి వినిపించునది మీరే గదా! చదివి ఊరకుండక, దీనిని మోయు భుజములెవరివని అడుగుడు. జవాబు రాని కాగితమును నలుగురి యెదుట చింపివేయుడు.