సమాచార వ్యవస్థలు – సంస్థల నిర్ణయాలు – మన బాధ్యత

వ్యాపారమనగా సరకు, సొమ్ము మాత్రమే కావు. ఆ రెంటిని గురించిన ఎరుక కూడ వ్యాపారమే. ఏ సరకు ఎంత వచ్చినది, ఎవరికి పోయినది, ఎవరి వద్ద ఎంత బాకీ నిలిచినది తెలియని దుకాణం ఎంత పెద్దదైనా ఎన్నాళ్లో నిలువదు. అందుకే మన పెద్దలు గల్లాపెట్టె పక్కనే చిట్టాను, ఆవర్జాను ఉంచుకొన్నారు. జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు – ఈ మాటలు ఉర్దూవో తెలుగువో విడదీసి చెప్పలేనంతగా మన జంటనగరాల అంగళ్లలో కలిసిపోయినవి. ఆ చిట్టా, ఆ ఆవర్జా నేడు కంప్యూటరులోనికి ప్రవేశించినవి. వ్రాసే సాధనం మారినది. అయితే వ్రాసేవాని బాధ్యత తగ్గినదా, పెరిగినదా అన్నది వాణిజ్యశాస్త్రం చదివేవారందరూ ఆలోచించవలసిన విషయం.

సమాచార వ్యవస్థ అనగానే పలువురికి యంత్రమే స్ఫురిస్తుంది. నిజానికి యంత్రం అందులో ఒక భాగం మాత్రమే. దానిని నడిపే ప్రోగ్రాము, అందులో వివరాలు చేర్చే గుమాస్తా, ఆ వివరాలను చదివి నిర్ణయించే అధికారి – వీరందరూ కలిస్తేనే వ్యవస్థ. సంస్థలు దీనివలన మూడు పనులు నెరవేర్చుకొంటున్నవి. మొదటిది నిత్యకృత్యాల నిర్వహణ. రెండవది నిర్ణయాలు చేయుట. మూడవది పలువురు, పలు సంస్థలు కలిసి పనిచేయుట. ఈ మూడింటిలోను మేలు కలదు. కాని వ్యవస్థ తనకు చెప్పినదానినే తిరిగి చెబుతుంది. కనుక అందులో ఏమి చేరుతున్నది, ఏమి చేరకుండా పోతున్నది, చేరినదానిని ఎవరు చూడగలరు అన్నవే అసలు ప్రశ్నలని మా అభిప్రాయం. వీటికి నిదర్శనాలు వెదకుటకు దూరదేశాలు పోనక్కరలేదు. సికింద్రాబాదులోనే లభిస్తాయి.

1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. ఆనాడు బెర్తుల కేటాయింపు అంతా చేతివ్రాత రిజిస్టర్లలోనే జరిగేది. రైలుకొక రిజిస్టరు, రిజిస్టరుకొక కిటికీ. ఒక కిటికీ వద్ద గంటసేపు నిలిచి, స్థలం లేదని తెలిసికొని, మరొక రైలు కొరకు మరొక వరుసలో మొదటినుంచి నిలుచుట ప్రయాణికులకు అలవాటే. తిరుగు ప్రయాణానికి బెర్తు కావలెనంటే ఆ ఊరికి తంతి పంపి, జవాబు కొరకు ఎదురుచూడవలసి వచ్చేది. 1985లో ఢిల్లీలో కంప్యూటరు ద్వారా రిజర్వేషను ఆరంభమైనది. దానిని రూపొందించిన సి.ఎం.సి. ప్రభుత్వరంగ సంస్థ, ఆ సంస్థ పరిశోధనా కేంద్రం మన సరోజినీదేవి రోడ్డులోనే ఉండేది. తరువాత ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసులతోపాటు సికింద్రాబాదు కూడ ఒక రిజర్వేషను కేంద్రమైనది. 1999 నాటికి ఈ అయిదింటిని ఒకదానితో ఒకటి అనుసంధించుట పూర్తి అయినది. 2002 నుండి ఇంటర్నెట్టు ద్వారా టికెట్టు కొనుట సాధ్యమైనది.

ఇందులో జరిగిన గొప్ప మార్పు వేగం ఒక్కటే కాదు. వేరు వేరు కిటికీల వద్ద ఉన్న వేలాది రిజిస్టర్లు ఒకే రిజిస్టరుగా మారినవి. సికింద్రాబాదులో ఒక గుమాస్తా ఇచ్చిన బెర్తు ఆ క్షణం నుండే ముంబయి గుమాస్తాకు ఇవ్వరానిదైనది. ఒకరినొకరు ఎరుగని ఉద్యోగులు ఒకే లెక్కమీద కలిసి పనిచేయుటయే నిజమైన సహకారం. పైగా ఈ లెక్కకు ప్రతిదినం పరీక్ష కలదు. టికెట్టుమీద ముద్రించిన బోగీలో, ముద్రించిన బెర్తు వద్దకు ప్రయాణికుడు స్వయంగా వచ్చి నిలుస్తాడు. లెక్క తప్పయితే ఆ రాత్రికే బయటపడుతుంది.

ఇక నిర్ణయాల సంగతి. ఏ దారిలో వెయిటింగ్ లిస్టు పెరుగుచున్నదో రైల్వే అధికారులకు తెరమీద కనబడుతుంది. సంక్రాంతికి, దసరాకు ప్రత్యేక రైళ్లు నడుపుటకు, బోగీలు చేర్చుటకు ఈ సమాచారం ఎంతో తోడ్పడుతుంది. కాని ఈ జాబితాకు ఒక హద్దు కలదు. అది నిండిన వెంటనే తెర ‘రిగ్రెట్’ అని చెప్పి ఊరకుంటుంది. ఆ తరువాత వచ్చినవాడు ఆ జాబితాలో ఉండడు. అసలు బెర్తు దొరకదని ముందే తెలిసి, అడుగకుండానే జనరల్ బోగీలో తలుపు వద్ద నిలబడి పోయే కూలీ కూడ అందులో ఉండడు. అతడు కొన్న సాధారణ టికెట్టు లెక్కకు వస్తుంది. అయితే అది ఫలానా రైలుకని వ్రాసి ఉండదు. అడిగి లేదనిపించుకొన్నవాని అవసరం అంకెగా మారినది. అడుగుటకే సాహసించనివాని అవసరం అంకె కాలేదు. అంకెలను మాత్రమే చూచి నిర్ణయించే అధికారికి రెండవవాడు లోకంలో లేనట్లే. ఇది యంత్రం చేసిన అన్యాయం కాదు. యంత్రం చూపనిది లేదనుకొనే మన మనస్సు చేసే అన్యాయం.

లేనివారు లెక్కకు రాకపోవుట ఒక ప్రమాదమైతే, లేని సొమ్ము లెక్కలోనికి వచ్చుట మరొక ప్రమాదం. దీనికి సత్యం కంప్యూటర్సు సంస్థకంటె పెద్ద ఉదాహరణ మన రాష్ట్ర వాణిజ్య చరిత్రలో లేదు. సర్దార్ పటేల్ రోడ్డులోని మేఫెయిర్ సెంటర్ చిరునామాతో లోకమంతట పేరుపొందిన సంస్థ అది. ఇతర సంస్థలకు సమాచార వ్యవస్థలు నిర్మించి ఇచ్చుటే దాని వ్యాపారం. 2009 జనవరి 7న దాని అధ్యక్షులు రామలింగరాజు సంచాలకుల మండలికి ఒక లేఖ వ్రాసినారు. పుస్తకాలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలో 5,040 కోట్లు లేనే లేవని ఆ లేఖలో వారే అంగీకరించినారు. తరువాతి దర్యాప్తులో 7,561 బూటకపు బిల్లులు బయటపడినవి. అవి సంస్థ బిల్లుల వ్యవస్థలోనే సృష్టింపబడినవి. ఆ ఖాతాదారుల పని స్వయంగా చూచే విభాగాల వారికి అవి కనబడకుండా దాచినారు; ఆదాయపు మొత్తంలో మాత్రం కలిపినారు. ఆ సంస్థకే 2008లో ఉత్తమ నిర్వహణకుగాను బహుమతి లభించినదనుట గమనించదగినది.

ఈ రెండు వ్యవస్థలను పక్కపక్కన పెట్టి చూడవలెను. రెండూ కంప్యూటర్లే, రెండింటిలోను నిపుణులే పనిచేసినారు. తేడా ఎక్కడున్నది? రైల్వే లెక్కను సంబంధించినవాడు తన కన్నులతో సరిచూచుకొంటున్నాడు. అక్కడ బిల్లును చూచి ‘ఈ పని మేము చేయలేదే’ అని చెప్పగలిగినవానికి ఆ బిల్లే కనబడలేదు. వేలమంది ఉద్యోగులు, మదుపుదారులు, వారి కుటుంబాలు దీని ఫలితం అనుభవించినారు. వ్యవస్థ ఎంత గొప్పదైనా, సంబంధితుని కన్ను దానిపై పడనప్పుడు అది అబద్ధాన్ని కూడ శుభ్రంగా, వరుసక్రమంలో, అణాపైసలతో చూపిస్తుంది. చేతివ్రాత పుస్తకంలో కొట్టివేత కనబడేది; సిరా రంగు మారేది. తెరమీద అక్షరాలన్నీ ఒకే తీరు.

పెద్ద సంస్థల మాట అటుంచి, మన జనరల్ బజారు వస్త్రవ్యాపారిని, రాణిగంజ్ పనిముట్ల వర్తకుని చూద్దాం. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినది. సరకు కొన్నప్పుడు చెల్లించిన పన్నును, అమ్మినప్పుడు కట్టవలసిన పన్నునుండి తగ్గించుకొనుట ఈ విధానానికి ప్రాణం. 2022 జనవరి 1 నుండి, అమ్మినవాడు తాను దాఖలు చేసే లెక్కలో ఆ బిల్లును చూపితేనే కొన్నవానికి ఆ తగ్గింపు లభిస్తుంది. దొంగబిల్లులను అరికట్టుటకు ఇది మంచి ఉపాయమే. ఇద్దరి లెక్కలు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నవి. అయితే నిజంగా సరకు కొని, నిజంగా సొమ్ము చెల్లించి, చేతిలో రసీదు ఉంచుకొన్న చిన్న వర్తకుడు, అమ్మినవాని అలసత్వం వలన ఆ తగ్గింపుకు దూరమవుతున్నాడు. అతని రసీదు సత్యమే. తెరమీద లేదు కనుక చెల్లలేదు. పెద్ద సంస్థ అయితే సరఫరాదారుని పిలిపించి దాఖలు చేయించగలదు. చిన్నవాడు బ్రతిమాలవలసిందే. పైగా అతని తరఫున లెక్కలు దాఖలు చేసేది బయటి గుమాస్తా. సంకేతపదం కూడ ఆ గుమాస్తా వద్దనే ఉంటుంది. తన ఖాతాను తానే చూడలేని యజమాని యజమాని ఎట్లా అవుతాడు?

ఇట్లనినంత మాత్రాన పాత రిజిస్టర్లకు మరలిపోవలెనని మేము కోరుట లేదు. ఆ రిజిస్టర్లలో చేయి తడిపినవారికి బెర్తు దొరకుట, తెలిసినవారికి సరకు చౌకగా పోవుట మన పెద్దలకు తెలియనివి కావు. కంప్యూటరు ఆ చీకటిని కొంత తొలగించినది. మేము కోరునది మూడు విషయాలు.

మొదటిది, ఎవరిపేరు లెక్కలో ఉన్నదో వారికి ఆ లెక్కను చూచే, తప్పు సవరింపుమని అడిగే హక్కు ఉండవలెను. చూచుట అనగా తమకు అర్థమయ్యే భాషలో చూచుట. తెలుగో ఉర్దూయో తప్ప చదువనేరని వర్తకునికి ఆంగ్లపు తెర మూసిన పుస్తకంతో సమానం. రెండవది, లెక్కను మార్చినవాని జాడ లెక్కలోనే నిలువవలెను. 2023 ఏప్రిల్ 1 నుండి మన దేశంలోని కంపెనీలు, పద్దులలో జరిగిన ప్రతి మార్పును తేదీతోసహా నమోదు చేసే, ఆ నమోదును ఆపివేయుటకు వీలులేని సాఫ్టువేరునే వాడవలెనని నిబంధన వచ్చినది. ఇది సత్యం ఉదంతం వంటివాటికి సరియైన మందు. ఈ నిబంధన వర్తించని సహకార సంఘాలు, ధర్మసంస్థలు, విద్యాసంస్థలు కూడ దీనిని స్వచ్ఛందంగా పాటించుట మంచిది. మూడవది, నిర్ణయించేవారు అప్పుడప్పుడు తెరను విడిచి బయటకు రావలెను. రైల్వే అధికారి పండుగ రాత్రి జనరల్ బోగీ ముందు నిలువవలెను. పన్నుల అధికారి రాణిగంజ్ దుకాణంలో కూర్చుండి ఒక బిల్లు ఎట్లా పుట్టి, ఎట్లా ప్రయాణిస్తుందో చూడవలెను.

మన కళాశాలనుండి బయటకు పోయేవారిలో అధికులు తొలి ఉద్యోగం పొందేది పెద్ద పదవులలో కాదు. వివరాలు చేర్చే బల్లల వద్దనే. అది చిన్న పని అని చిన్నబుచ్చుకొనవలదు. వ్యవస్థలోనికి సత్యమైనా అసత్యమైనా ప్రవేశించేది ఆ ద్వారం గుండానే. ‘ఈ బిల్లుకు సరకు ఏది? ఈ అంకె ఎక్కడిది?’ అని మర్యాదగా అడుగగలిగిన గుమాస్తా ఒక్కడు చాలు, సంస్థ పరువు దక్కుటకు. ప్రోగ్రాములు నాలుగేళ్లకొకసారి మారుతుంటాయి. వాటిని ఎక్కడైనా నేర్చుకొనవచ్చును. అడుగుటను మాత్రం విద్యార్థి దశలోనే, మన సంఘాల చందా పుస్తకాలు, మన వసతిగృహపు ఖర్చుల పద్దులు చూచుకొంటూ అలవరచుకొనవలసి ఉన్నది.