నల్లిబొక్క సాక్షిగా

కరీంనగర్ జిల్లాలో బడి వార్షికోత్సవం నుంచి సన్మాన సభ దాకా ఏ వేదిక మీదనైనా ఒక ఉపన్యాసం ఖాయం. అమెరికావాళ్లకు కుటుంబం తెలియదట, పద్దెనిమిదేళ్లు నిండగానే పిల్లల్ని బయటికి పంపిస్తారట, ముసలి తల్లిదండ్రులను ఆశ్రమాల్లో పడేస్తారట. మన సంస్కృతి గొప్పదనే మాటతో చప్పట్లు మోగుతాయి. చాలాసార్లు ఆ పెద్దమనిషి కొడుకు డాలస్‌లోనే ఉంటాడు. కోడలికి గ్రీన్‌కార్డు రావాలని వేములవాడ రాజన్నకు కోడెమొక్కు కూడా ఉండి ఉంటుంది. మొక్కుకోవడంలో తప్పేమీ లేదు. తప్పంతా ఆ ఉపన్యాసంలోనే ఉంది.

అమెరికా జనగణన శాఖ లెక్కల్లో 18 నుంచి 24 ఏళ్లవాళ్లలో సగానికి పైగా తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటున్నారు. మన దగ్గరో? కన్నవాళ్లకు తిండి పెట్టండని పిల్లలకు చెప్పడానికి భారత పార్లమెంటు 2007లో ఏకంగా చట్టమే చేయవలసి వచ్చింది. దాని కింద ఆర్డీవోల దగ్గర ట్రిబ్యునళ్లు నడుస్తున్నాయి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి వరుసలో నిలబడ్డవాళ్లను చూడండి. భూమి పట్టా చేయించుకొని బుక్కెడు బువ్వ పెట్టని కొడుకు మీద అర్జీ పట్టుకొచ్చిన ముసలమ్మలు అక్కడ కొత్త కాదు. ఆ కొడుకులెవరూ అమెరికన్లు కారు.

సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 2023లో ‘బలగం’ సినిమా తీశాడు. విందులో నల్లిబొక్క దగ్గర పుట్టిన అలకతో ఆ కథలో బావా బావమరుదుల ఇళ్ల మధ్య ఇరవై ఏళ్లు రాకపోకలు ఆగిపోతాయి. ఊరి నడుమ తెరలు కట్టుకొని మరీ చూసిన జనం వెక్కివెక్కి ఏడ్చారు. అందులో తమ ఇల్లు కనిపించింది కాబట్టే ఏడ్చారు. అంత తెలిసినవాళ్లం అమెరికా కుటుంబాల మీద జాలి పడటానికి మనకున్న అర్హతేమిటి?

ముద్ర వేయించుకోవడం ఎట్లా ఉంటుందో ఈ నేలకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో మన యాస రౌడీకి, కాకుంటే నవ్వించే నౌకరుకు దక్కింది. నీళ్లు, ఉద్యోగాల లెక్కలతో పాటు ఆ అవమానం కూడా తెలంగాణ ఉద్యమాన్ని, రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 దాకా నడిపించింది. ఆ తర్వాత పదకొండేళ్లకు, 2025 ఆగస్టులో, ఇదే రాష్ట్రంలో ‘మార్వాడీ గో బ్యాక్’ అన్నారు. నెల తిరిగేసరికి వాషింగ్టన్ కొత్త హెచ్‌1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. వివక్ష అనే మాట మనకు అప్పుడు గుర్తుకొచ్చింది!

అంత దూరం కూడా అక్కర్లేదు. ఆదివాసీ ప్రాంతమైన ఉట్నూరుకు బదిలీ అంటే శిక్ష పడినట్టు ముఖం పెట్టే ఉద్యోగులను కరీంనగర్‌లోనే చూస్తాం. గోండుల గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆయన ఊరు మార్లవాయి పేరు దేశమంతా తెలిసింది. మంత్రుల స్వాగతానికి గుస్సాడీల నెమలి ఈకల టోపీలు కావాలి. వానాకాలం గోండు గూడేల నుంచి గర్భిణులను వాగులు దాటించి మోసుకొచ్చే వార్త మాత్రం లోపలి పేజీకే పరిమితం. పత్రికలుగా మా వాటా కూడా అందులో ఉంది.

2017 ఫిబ్రవరి 22న కేన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో, ఒక బారులో, ఇరానీ అనుకొని తెలుగువాడైన శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. తెలంగాణవాడా, ఆంధ్రావాడా, అసలు భారతీయుడా అని కాల్చినవాడు చూడలేదు, చర్మం రంగు చూశాడు. అక్కడే ఉన్న ఇయాన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ల అమెరికన్ వాడిని ఆపబోయి తానూ తూటా తిన్నాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు ఆ తర్వాత చందాలేసి అతనికి ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు ఇచ్చారు. ‘అమెరికావాళ్లంతా అంతే’ అనే మన మాటల్లో హంతకుడు మిగిలాడు, గ్రిల్లట్ జారిపోయాడు.

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ కలెక్టర్లు ఒక పని చేయాలి. 2007 చట్టం కింద ఏటా ఎన్ని అర్జీలు వచ్చాయో, ఎన్నింటిలో ఉత్తర్వులు ఇచ్చారో, వాటిలో ఎన్ని అమలయ్యాయో జిల్లాలవారీగా ప్రకటించాలి. ఆ కాగితాన్ని సంస్కృతి మీద మాట్లాడబోయే అతిథుల చేతికి, మైకు ఇచ్చే ముందే అందించాలి.