క్లిక్కుకో ధర.. గిరాకీకి లేదు భరోసా

కౌకూర్‌: బొల్లారం సైనిక ప్రాంతానికి చేరువలోని కౌకూర్‌, యాప్రాల్‌, అల్వాల్‌ పరిసరాల్లో బదిలీల కాలం వచ్చిందంటే ఇంటి సామాను తరలించే వారికి చేతినిండా పని. ఒకప్పుడు వీరి ప్రచారమంతా గోడరాతలు, స్తంభాలకు కట్టిన రేకు బోర్డులు, దినపత్రికల మధ్య పెట్టి పంపే కరపత్రాలతోనే సాగేది. నేడు బదిలీ ఉత్తర్వు అందిన వారు ముందుగా చూసేది సెల్‌ఫోన్‌లోని గూగుల్‌నే. అందులో పైవరుసన పేరు కనిపించేందుకు రెండు లారీల యజమాని సైతం పెద్ద సంస్థలతో వేలంపాటకు దిగవలసి వస్తోంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1998లో అమెరికాలోని గోటూ డాట్‌ కామ్‌ అనే సంస్థ దీనికి శ్రీకారం చుట్టింది. గూగుల్‌ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్‌ పేరిట ప్రకటనలు మొదలుపెట్టి, 2002లో క్లిక్కుల వేలం విధానానికి మళ్లింది. 2018 నుంచి దాని పేరు గూగుల్‌ యాడ్స్‌. ప్రకటన కనిపించినందుకు రుసుము ఉండదు. ఎవరైనా దాన్ని నొక్కితేనే సొమ్ము పోతుంది. అలాగని ఎక్కువ పాడిన వారిదే పైచేయి అనుకుంటే పొరపాటు. ప్రకటన నాణ్యత, వెతికిన మాటకు దాని పొందిక కూడా లెక్కలోకి వస్తాయి.

చిక్కంతా పదాల ఎంపికలోనే ఉంది. ‘ప్యాకర్స్‌ అండ్‌ మూవర్స్‌’ అన్న మాటను విస్తృత పరిధిలో వదిలేస్తే, అదే రంగంలో ఉద్యోగం వెతికే నిరుద్యోగికీ ప్రకటన కనిపించవచ్చు. అతడు నొక్కినా రుసుము రుసుమే. ‘జాబ్స్‌’, ‘జీతం’ వంటి మాటలను మినహాయింపుల జాబితాలో చేర్చుకోవాలి. ప్రాంతం విషయమూ అంతే. కౌకూర్‌ చుట్టూ పది కిలోమీటర్లని గీత గీసినా, ఈ ప్రాంతంపై ఆసక్తి చూపే దూరప్రాంతాల వారిని కూడా కలుపుకొనేలా అమరిక ముందే ఉంటుంది. బదిలీపై ఇక్కడికి వచ్చే కుటుంబాలు కావాలనుకుంటే అది మేలే. స్థానికంగా ఏసీలు బాగుచేసే వారికి మాత్రం దండగ.

ఉదాహరణకు క్లిక్కుకు 30 రూపాయల చొప్పున రోజుకు 500 కేటాయించారనుకుందాం. పదహారు మంది నొక్కితే ఒకరు పని అప్పగించినా, ఆ ఒక్క గిరాకీకే సుమారు 500 ఖర్చు. లారీ కిరాయి, డీజిలు, హమాలీ కూలి పోను మిగిలే దాంట్లోంచి ఇది తీయాలి. పైగా రోజువారీ పరిమితి ఖచ్చితమైన కట్టడి కాదు. రద్దీ రోజున గూగుల్‌ దానికి రెట్టింపు వరకు వాడుకోవచ్చు, నెల మొత్తం మీద మాత్రం 30.4 రెట్లు దాటదు. అంటే నెలకు 15,200 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ. రిజిస్ట్రేషన్‌ లేని చిరువ్యాపారికి ఆ పన్ను తిరిగి రాదు.

పేరు సంగతి మరొకటి. పేరున్న సంస్థను వెతికితే పోటీదారు ప్రకటన పైన కనిపించడం మామూలైంది. అగర్వాల్‌ ప్యాకర్స్‌ అండ్‌ మూవర్స్‌ పేరుపై డీఆర్‌ఎస్‌ లాజిస్టిక్స్‌ వేసిన వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2023 ఆగస్టు 10న తీర్పునిచ్చింది. ఇతరుల ట్రేడ్‌మార్కును కీలకపదంగా వాడినంత మాత్రాన ఉల్లంఘన కాదని, వినియోగదారుడు తికమకపడేలా ఉంటే మాత్రం ఉల్లంఘనేనని పేర్కొంది. అటువంటప్పుడు కేవలం మధ్యవర్తినంటూ గూగుల్‌ రక్షణ కోరజాలదని కూడా స్పష్టం చేసింది. అయితే రెండు లారీల వారికి హైకోర్టు దాకా వెళ్లే స్తోమత ఎక్కడిది?

పోటీదారులే పనిగట్టుకుని నొక్కి ఎదుటివారి సొమ్ము కరిగిస్తారన్న అనుమానమూ ఈ రంగంలో పాతదే. దొంగ క్లిక్కులపై అమెరికాలో దాఖలైన దావాను 2006లో గూగుల్‌ 9 కోట్ల డాలర్ల వరకు ఇచ్చేందుకు అంగీకరించి పరిష్కరించుకుంది. చెల్లనివిగా తేలిన క్లిక్కులకు నేడు సొమ్ము వసూలు చేయరు, చేసినా తిరిగి జమ చేస్తారు. ఏది చెల్లనిదో తేల్చేది మాత్రం ఆ సంస్థే. అందుకే ఎన్ని క్లిక్కులని కాక ఎన్ని ఫోన్లు వచ్చాయి, వాటిలో ఎన్ని పనులు కుదిరాయి అన్నది రోజూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, నెలాఖరు బిల్లు పక్కన పెట్టి చూసుకోవచ్చు.