మీ వైద్య చరిత్ర మీ చేతిలో ఉండాలి

ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన నాకు ఒక రోగి ముఖం నేటికీ జ్ఞాపకం వస్తూనే ఉంటుంది. ఆయన వ్యవసాయ కూలీ. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్న రోజులలో మోకాళ్ళ నొప్పులతో వచ్చారు. ఇతర మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే, "గుండెకు బిళ్ళలు మింగుతున్నానండీ" అన్నారు. చీటీ ఏదంటే ఇంటి దగ్గర ఉందన్నారు. బయట వరుసలో ఇంకా ఎంతోమంది వేచి ఉన్నారు. రక్తపోటు మాత్రలై ఉంటాయని ఊహించి, డైక్లోఫెనాక్ వ్రాసి పంపాను.

వారం తిరగకముందే నల్లని విరేచనాలతో, పాలిపోయిన ముఖంతో ఆయనను మోసుకొచ్చారు. కొన్నేళ్ళ క్రితం నగరంలో ఆయనకు గుండె కవాటం మార్చారు. ఆ బిళ్ళలు రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్. అది వాడేవారికి డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఇస్తే జీర్ణాశయంలో రక్తస్రావం జరిగే ప్రమాదం ఎక్కువ. పెద్దాసుపత్రిలో రక్తం ఎక్కించి బ్రతికించారు. తరువాత ఆయన కుమార్తె ట్రంకు పెట్టెలోని డిశ్చార్జి కార్డు తెచ్చి చూపింది. అందులో అన్నీ ఉన్నాయి, ఆంగ్లంలో. ఆ ఇంట్లో ఆంగ్లం చదవగలవారు ఎవరూ లేరు.

ఊహించడం నా తప్పు. ఆ తప్పును నేను నేటికీ మరువలేదు. అయితే అక్కడితో ఆగక పాఠకులు మరొక మాట కూడా గ్రహించాలని నా కోరిక. రోగికి తన చరిత్ర అందుబాటులో లేకపోతే, ఎంత అనుభవమున్న వైద్యుడైనా చీకట్లో బాణం వేయవలసి వస్తుంది. వైద్య రికార్డు చికిత్సకు అనుబంధం కాదు; అది చికిత్సలో భాగం.

ఇప్పుడు కాలం మారింది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఎవరైనా 14 అంకెల ఆభా సంఖ్యను ఉచితంగా పొందవచ్చు. ఇది స్వచ్ఛందం. మన నివేదికలన్నీ ఒకేచోట పోగుపడతాయేమోనని కొందరు భయపడుతున్నారు. ఏర్పాటు అది కాదు. నివేదికలు వాటిని తయారుచేసిన ఆసుపత్రి వద్దనో, ప్రయోగశాల వద్దనో ఉంటాయి. మీరు అనుమతించినప్పుడే, అనుమతించిన కాలం వరకే మరొక వైద్యునికి కనిపిస్తాయి. ఆ అనుమతిని మీరు రద్దు చేసుకోవచ్చు కూడా.

ఏర్పాటు మంచిదే. కాని నన్ను సలహా అడిగే బంధుమిత్రులలో చాలామంది ఫోనులో ఆ సంఖ్య ఉంటున్నది గాని, దానికి జతపడిన నివేదిక ఒక్కటీ ఉండడం లేదు. ఓపీ చీటీ త్వరగా తీసుకోవడానికి మాత్రమే అది ఉపయోగపడుతున్నది. సంఖ్య ఉన్నంత మాత్రాన చరిత్ర ఉన్నట్టు కాదు. మరొక చిక్కు కూడా ఉన్నది. ఇంటికంతా ఒకే ఫోను ఉన్నచోట ఓటీపీ ఎవరి చేతికి వస్తుంది? గర్భస్రావం, మానసిక వ్యాధి, క్షయ వంటి విషయాలు ఎవరికి తెలియాలో నిర్ణయించే హక్కు రోగిదే గాని, ఫోను పట్టుకున్నవారిది కాదు.

మీ హక్కును కూడా తెలుసుకోండి. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలి. రోగి గాని, అతడు అధికారమిచ్చినవారు గాని కోరితే 72 గంటలలో ఇవ్వాలి. గమనించండి: ఆసుపత్రికి విధించిన గడువు మూడేళ్ళే, గుండెలో అమర్చిన కవాటం జీవితాంతం ఉంటుంది. కనుక అడిగి తీసుకోవడంలో మొహమాటం వద్దు.

నా తోటి వైద్యులకూ ఒక మనవి. రోగి చదివితే కంగారుపడతాడని, మన పని పెరుగుతుందని వెనుకాడవద్దు. అమెరికాలో 2010లో మూడు ప్రాంతాలలో నూరుమందికి పైగా వైద్యులు తాము వ్రాసుకున్న వివరాలను రోగులు ఆన్‌లైన్‌లో చదువుకోవడానికి అంగీకరించారు. ఏడాది గడిచాక ఆ పద్ధతిని మానుకున్న వైద్యుడు ఒక్కడూ లేడు. డిశ్చార్జి కార్డు చివర తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ నాలుగు వాక్యాలు ఉండి ఉంటే ఆ కూలీ కుమార్తె చదివేది. తండ్రి చేతికి ఆ కార్డు ఇచ్చి పంపేది.

ఇది మన పల్లెలకు క్రొత్త సంగతి కాదు. మాతాశిశు సంరక్షణ కార్డును చూడండి. కాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆడపిల్ల వెంట ఆ కార్డు కూడా వెళుతుంది. ఆమె రక్తహీనత, రక్తపోటు, వేయించుకున్న టీకాలు అక్కడి నర్సుకు క్షణంలో తెలుస్తాయి. గర్భిణికి చేయగలిగినది మధుమేహ రోగికి, గుండె రోగికి ఎందుకు చేయలేము?

ఆభా సంఖ్య తీసుకోండి. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ నివేదికలను దానికి జతచేయమని అడగండి. దానితోపాటు ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. మొదటి పుటలో మీ దీర్ఘకాలిక వ్యాధులు, అవి ఎప్పటినుండి ఉన్నాయో, వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, జరిగిన శస్త్రచికిత్సలు తెలుగులో వ్రాయండి. మందుల పేర్లను డబ్బా చూసి ఆంగ్లంలో కూడా వ్రాయించండి. మందు మారిన రోజే ఆ పుటను సవరించండి. మీరు స్పృహలో లేనప్పుడు మీ తరఫున మాట్లాడవలసినది ఆ పుటే కనుక, అది ఎక్కడ ఉంటుందో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.

ఈ ఆదివారమే ఆ పని మొదలుపెట్టండి. ముందుగా మీ తల్లిదండ్రులది వ్రాయండి.