తడి డబ్బా వైద్యం

మూఢనమ్మకం అనగానే తాయెత్తులూ నిమ్మకాయలూ గుర్తొస్తాయి. దేవుడికీ దెయ్యానికీ సంబంధం లేకుండా, బాగా చదువుకున్నవాళ్ల ఇళ్లలో పుట్టే నమ్మకాలు అంత త్వరగా కంటబడవు. అమెరికాలో, యూరప్‌లో టరాంటులా అనే పెద్ద సాలీళ్లను పెంచుకునేవాళ్ల మధ్య చాలాకాలంగా చలామణీలో ఉన్న 'ఐసీయూ' అలాంటిదే.

సాలీడు తిండి మానేసినా, నీరసించినా, ముసలిదై కదలకపోయినా చికిత్స ఒక్కటే. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూ కాగితం పరిచి, దాన్ని అందులో దింపి, మూతపెట్టి వెచ్చని చోట ఉంచుతారు. బతికితే డబ్బా బతికించినట్టు, చస్తే ఆలస్యంగా పెట్టినట్టు. భూతవైద్యుడు కూడా ఎప్పుడూ ఓడిపోడు, లెక్క ఆ విధంగానే రాసుకుంటాడు. మంత్రాలకు చింతకాయలు రాలవని తెలిసినవాళ్లు సైతం ఈ డబ్బాను ప్రశ్నించకపోవడం నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే ఇక్కడ మూల్యం చెల్లించేది నోరులేని జీవి.

దాని ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. టరాంటులా కాళ్లలో రెండు ముఖ్యమైన కీళ్ల దగ్గర ముడిచే కండరాలున్నాయి గానీ చాచే కండరాలు లేవు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి నెట్టి వాటిని చాస్తుంది. నీరు తగ్గితే ఆ ఒత్తిడి పడిపోయి కాళ్లన్నీ ఒంటి కిందికి ముడుచుకుపోతాయి. పెంపకందారులు దీన్ని 'డెత్ కర్ల్' అంటారు. కారణం దాహమే అయితే నీళ్లు అందగానే తేరుకునే అవకాశం ఉంది. డబ్బాకు పేరొచ్చింది ఇలా తేరుకున్నవాటి వల్లే. అయితే చుట్టూ తేమ ఉన్నంత మాత్రాన దాహం తీరదు, నోటితో తాగాలి. ఆ నోరు కోరల వెనక, కింది వైపున ఉంటుంది. లోతులేని మూతలో నీళ్లు పోసి, తలభాగం మాత్రమే అంచు మీదికి వచ్చేలా, కోరల మొదళ్లు నీటిని తాకేలా మెల్లగా ఆనించాలి. పొట్ట అడుగున కనిపించే నాలుగు చీలికలు ఊపిరితిత్తుల ద్వారాలు, అవి మునగకూడదు. దీనికి డబ్బా అవసరం లేదు. మూతపెట్టిన డబ్బాలో గాలి ఆడదు, తడి కాగితానికి బూజు పడుతుంది. పొడినేలల్లో బతికే జాతులకైతే ఆ తేమే బాధ.

అసలు జబ్బే కానిదానికి చేసే వైద్యం ఇంకా ప్రమాదం. కుబుసం విడిచే ముందు టరాంటులా వారాలు, ఒక్కోసారి నెలలు తిండి ముట్టదు. తర్వాత ఒకరోజు వెల్లకిలా పడుకుంటుంది. కొత్తగా పెంచేవాళ్లు చచ్చిందనుకుని పారేస్తారు, లేదా జాలిపడి తిరగేస్తారు. ఒళ్లంతా మెత్తగా ఉన్న ఆ గంటల్లో చెయ్యి పెడితే కాలు ఊడొచ్చు, ప్రాణమే పోవచ్చు. పాత చర్మం వదిలాక కొత్త కోరలు తెల్లగా ఉంటాయి, అవి నల్లబడి గట్టిపడేదాకా ఆహారం వెయ్యకూడదు. మేతగా లోపల వదిలిన కీచురాయే దాన్ని కొరికి గాయపరచగలదు.

నిజమైన జబ్బులూ ఉన్నాయి. నోటి చుట్టూ తెల్లటి పదార్థం చేరి, తిండి మానేస్తే నెమటోడ్ పురుగులు కావచ్చు. అలాంటి ఒక జాతికి కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 2022లో టరాంటోబెలస్ జెఫ్‌డానియెల్సీ అని పేరు పెట్టారు. దీనికి నమ్మదగిన మందు లేదు. ఈ పురుగులు కదలాలంటే తడి కావాలి, డబ్బాలో పుష్కలంగా దొరికేది అదే. చెయ్యగలిగిందల్లా ఆ సాలీడును, దానికి వాడిన పటకారునూ మిగతావాటి నుంచి వేరుచెయ్యడం.

ఈ గోడు మనకెందుకు అనుకోవద్దు. విదేశాల గాజుపెట్టెల్లో పెరుగుతున్న టరాంటులాల్లో అపురూపమైన నీలిరంగుది మన గుత్తి పేరు మోస్తోంది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశాడు. మళ్లీ అది కనిపించింది 2001లో, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో. ఇప్పుడది తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది. కరిస్తే నొప్పి, కండరాల పోట్లు తప్పవు. కానీ మనిషి చచ్చిపోతాడన్నది రుజువులేని భయం. పెద్ద సాలీడు కనబడగానే చెప్పు తీసే అలవాటు ఆ భయంలోంచే వచ్చింది.

ఇక ముసలితనం. పశ్చిమ ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్త బార్బరా యార్క్ మెయిన్ 1974లో మొదలుపెట్టిన పరిశీలనలో 16వ నంబరు సాలీడు, టరాంటులాలకు దూరపు బంధువు, 43 ఏళ్లు బతికింది. ఏళ్ల తరబడి ఒకే కలుగును వదలకుండా చూసి రాసుకోబట్టే ఆ వయసు తెలిసింది. డబ్బాను నమ్మేవాళ్లు కూడా అలా రాయాలి. కుబుసం విడిచిన తేదీ, చివరిసారి తిన్న తేదీ, డబ్బాలో పెట్టాక బతికినవాటితో పాటు చచ్చినవి. మగ టరాంటులా చివరి కుబుసం తర్వాత ఏడాదో రెండేళ్లో బతుకుతుంది. ఒళ్లు చిక్కి, నడక తడబడితే అది రోగం కాదు, కాలం. పడి పొట్ట పగలకుండా పెట్టెలో ఎత్తు తగ్గించండి, నీళ్లు దగ్గర పెట్టండి, ప్రాణంతో ఉన్న కీచురాళ్లను వెయ్యకండి, దాన్ని తియ్యకుండా ఉన్నచోటే ఉండనివ్వండి.