ఆకు తెలిసిన పిల్లవాడి పేరేది?

వానలు తగ్గగానే మన మన్యానికి కెమెరాలు వస్తాయి. అరకు, పాడేరు, మారేడుమిల్లి దారుల్లో బళ్లు ఆపి, సీతాకోకచిలుకలు ఎక్కడుంటాయని అడుగుతారు. మన పిల్లవాడు వాళ్లను వాగు ఒడ్డుకి తీసుకెళ్తాడు. ఎండెక్కాక అవి చెమ్మమట్టి మీద గుంపుగా వాలి ఉప్పు పీల్చుకునే చోటు వాడికి తెలుసు. వాళ్లు ఫొటోలు తీసుకుంటారు. వాడి చేతిలో బిస్కెట్ పొట్లం పెడతారు. ఫొటో కింద తీసినవాడి పేరుంటుంది. చోటు చూపినవాడి పేరుండదు.

ఇది చిన్న విషయం కాదంటాం మేము.

సీతాకోకను గుర్తుపట్టడమంటే రెక్కల రంగు చూసి పేరు చెప్పడం ఒక్కటే కాదు. ఏ ఆకు మీద గుడ్డు పెడుతుంది, గొంగళి ఎలా ఉంటుంది, ఏ నెలలో కనిపిస్తుంది, ఇవన్నీ తెలియాలి. జిల్లేడాకు తినే చారల గొంగళే తర్వాత నారింజరంగు రెక్కలతో ఎగురుతుందని పశువులు కాసే పిల్లకి తెలుసు. నిమ్మాకు, కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించేది రెట్ట కాదనీ, నల్ల సీతాకోక లేత గొంగళి అనీ తెలుసు. ఇది శాస్త్రం కాకపోతే మరేది శాస్త్రం?

పేర్ల సంగతి చూడండి. ఇంగ్లీషు పుస్తకాల్లో మన అడవి సీతాకోకలకు కమాండర్, సార్జెంట్, లాస్కర్, బేరన్ అని పేర్లు. అన్నీ దొరల పటాలాల మాటలు, దొరల బిరుదులు. 1922-24లో మన తాతల మీదికి పటాలాలు పంపినవాళ్ల మాటలు మన సీతాకోకల రెక్కల మీద ఇంకా ఉన్నాయి. మన అవ్వలు పిలిచే పేర్లను ఎవరు రాశారు?

శాస్త్రీయ నామం వద్దనడం లేదు. అస్సాంలో చూసినదీ ఇక్కడ చూసినదీ ఒకటేనని చెప్పడానికి అదే ఆధారం. దాని పక్కన కువి పేరు, కొండ పేరు, కోయ పేరు కూడా ఉండాలంటున్నాం.

తప్పు బయటివాళ్లది ఒక్కటే కాదు. బడికి గొంగళిని తెచ్చిన పిల్లను బయట పారెయ్యమన్నది మేమే. అదే రోజు నల్లబల్ల మీద సీతాకోక జీవితచక్రం గీసి, నాలుగు దశలూ బట్టీ పట్టించిందీ మేమే.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యం గురించిన మన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కును గుర్తించింది. మనం రాసిపెట్టుకోకపోతే, ఇది మాదని రేపు ఏం చూపించి అడుగుతాం?

యువకులారా, ఫోను మీ చేతిలోనే ఉంది. రెక్కల పైభాగం, ముడిచినప్పుడు అడుగుభాగం, వాలిన మొక్క, ఈ మూడూ ఫొటో తీయండి. అడుగుభాగం చూడకుండా చాలావాటిని తేల్చలేం. తేదీ, ఊరు, మొక్క పేరు రాయండి. చేత్తో పట్టుకోకండి, రెక్కల పొడి రాలిపోతుంది. కొన్ని జాతులను పట్టడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. అవ్వ చెప్పిన పేరు రాయండి, చెప్పిన అవ్వ పేరూ రాయండి.

ఉపాధ్యాయ మిత్రులారా, బడి కంచెలో జిల్లేడు మొక్కను కొట్టించకండి. దాని దగ్గరికే పాఠాన్ని తీసుకెళ్లండి.

కెమెరాలవాళ్లు మళ్లీ వస్తారు. దారి చూపిద్దాం, మర్యాదగానే చూపిద్దాం. బిస్కెట్ పొట్లం మాత్రం తిరిగిచ్చి, ఫొటో కింద మా పిల్లవాడి పేరు రాయండి అని అడుగుదాం.